అణు రోటర్లతో సూక్ష్మస్థాయి స్నిగ్ధతను కొలవడం: మన కళాశాల ప్రయోగశాలలకు ఒక మార్గదర్శిని

ద్రవాల స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని, కొలవడానికి డిగ్రీ ప్రయోగశాలల్లో ఆస్వాల్డ్ విస్కోమీటరు ఉంటుంది. గాజు కేశనాళికలో ద్రవం రెండు గీతల మధ్య దిగడానికి పట్టిన కాలాన్ని స్టాప్‌వాచీతో చూసి, అదే ఉష్ణోగ్రత వద్ద నీటికి పట్టిన కాలంతో పోల్చి, సాంద్రతలను కూడా లెక్కలోకి తీసుకొని స్నిగ్ధతను రాబడతాము. ఆ పద్ధతికి కొన్ని మిల్లీలీటర్ల ద్రవం కావాలి, ఆ ద్రవమంతా ఒకే తీరుగా ఉండాలి. జీవకణం పైపొరలోనో, కణంలోని ఒక కొవ్వు బిందువులోనో, జెల్ రంధ్రాల మధ్య చిక్కుకున్న నీటిలోనో స్నిగ్ధత ఎంతో తెలుసుకోవాలంటే ఆ గాజు గొట్టం పనికిరాదు. అక్కడికి ఒక అణువునే కొలమానంగా పంపాలి. పరిసరాలు చిక్కబడిన కొద్దీ ఎక్కువగా వెలిగే ఫ్లోరోసెంట్ అణువులు, అంటే కాంతిని గ్రహించి తిరిగి వెలుగునిచ్చే రంజకాలు, ఇందుకు ఉన్నాయి. వీటిని అణు రోటర్లు అంటారు.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల కళాశాలల్లో రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. పాఠాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వింటున్నా, ప్రయోగాన్ని మనసులో మన భాషలోనే ఆలోచించుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గట్టిగా చెప్పదలచిన సంగతి ఒక్కటే: రంజకం కాంతిని మాత్రమే ఇస్తుంది, స్నిగ్ధత సంఖ్యను ఇచ్చేది, స్నిగ్ధత ముందే తెలిసిన ద్రావణాలతో మీరు కట్టుకున్న క్రమాంకన రేఖ. ఆ రేఖను నిలబెట్టేవీ కూలగొట్టేవీ ముఖ్యంగా రెండు, ఉష్ణోగ్రత, తేమ. అందుకే ఈ రచనలో ఎక్కువ భాగం వాటి చుట్టూనే తిరుగుతుంది.

పనిచేసే తీరు

అణు రోటరులో ఎలక్ట్రాన్లను ఇచ్చే భాగం ఒకటి, తీసుకునే భాగం ఒకటి ఉంటాయి. ఈ రెండూ మెలితిరగగల బంధంతో కలిసి ఉంటాయి. కాంతిని శోషించి ఉత్తేజిత స్థితికి చేరిన అణువు ముందు రెండు దారులు ఉంటాయి. తాను గ్రహించిన శక్తిని తిరిగి కాంతిగా విడుదల చేయడం ఒక దారి; ఆ బంధం చుట్టూ మెలితిరిగి, వెలుగు ఇవ్వకుండానే శక్తిని వేడిగా పోగొట్టుకోవడం రెండో దారి. నీటివంటి పలుచని ద్రవంలో ఆ మెలిక పికోసెకన్లలో పూర్తవుతుంది కాబట్టి అణువు దాదాపు చీకటిగానే ఉండిపోతుంది. చిక్కని ద్రవంలో చుట్టుపక్కల అణువులు దారి ఇవ్వవు. బరంపురం ఠాకురాణి యాత్రలో కిక్కిరిసిన వీధి మధ్య నిలబడినవాడు చేతులు చాచి గిర్రున తిరగలేనట్టే, అణువు కూడా మెలితిరగలేక కాంతినే వెదజల్లుతుంది.

ఈ సంబంధాన్ని 1971లో ఫోర్‌స్టర్, హాఫ్‌మన్ ఒక సమీకరణంగా నిలిపారు. ఫ్లోరోసెన్స్ సామర్థ్యం (శోషించిన కాంతిలో తిరిగి వెలుగుగా వచ్చే వంతు) లాగ్ విలువను నిలువు అక్షంపైన, స్నిగ్ధత లాగ్ విలువను అడ్డ అక్షంపైన వేస్తే సరళరేఖ వస్తుంది. వారి సిద్ధాంతం ప్రకారం ఆ రేఖ వాలు మూడింట రెండు వంతులు. ప్రయోగాల్లో చాలా రోటర్లకు అది 0.5, 0.6 దరిదాపుల్లో కనిపిస్తుంది. వాలు 0.6 అయితే స్నిగ్ధత పది రెట్లు పెరిగినప్పుడు వెలుగు సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. వెలుగును కొలవడంలో 5 శాతం పొరపాటు జరిగితే, స్నిగ్ధతలో అది 8 శాతం పైబడిన పొరపాటుగా బయటపడుతుంది.

ఏ రంజకం తీసుకోవాలి

నేర్చుకునే దశలో థయోఫ్లేవిన్-టి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అల్జైమర్స్ పరిశోధనలో అమిలాయిడ్ పోగులను గుర్తించడానికి వాడే రంజకం ఇదే. అది నీటిలో కరుగుతుంది, ఇతర రోటర్లతో పోలిస్తే చవక, 412 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా శోషించి 480, 490 నానోమీటర్ల ప్రాంతంలో నీలి-ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది. అయితే ఇది ధనావేశం గల అణువు కాబట్టి డీఎన్ఏకు, కొన్ని ప్రోటీన్లకు, రుణావేశం ఉన్న పాలిమర్లకు అంటుకుంటుంది. అంటుకున్న చోట మెలిక ఆగిపోయి, ద్రవం పలుచగా ఉన్నా వెలుగు పెరుగుతుంది. జీవకణాలలో స్నిగ్ధతను కొలవడానికి దీన్ని వాడకండి. జులొలిడీన్ కుటుంబానికి చెందిన డీసీవీజే అనే రోటరు చాలాకాలంగా వాడుకలో ఉన్నా, అదీ ట్యూబ్యులిన్ ప్రోటీనుకు అంటుకుంటుంది. కణాల పనికి బోడిపీ-సీ10, బోడిపీ-సీ12 అనే రంజకాలు తగినవి. వాటి సంగతి చివర వస్తుంది.

క్షయ అనుమానితుల కఫం పరీక్షలో వాడే ఆరమిన్-ఓ కూడా రోటరే. దొరుకుతోంది కదా అని దాన్ని ఎంచుకోవద్దు, అది క్యాన్సర్ కారకమన్న అనుమానం ఉన్న పదార్థం. థయోఫ్లేవిన్-టిని తూచేటప్పుడు కూడా చేతి తొడుగులు వేసుకోండి, పొడి గాలిలోకి లేవకుండా చూసుకోండి.

నిల్వ ద్రావణానికి 3.2 మిల్లీగ్రాముల థయోఫ్లేవిన్-టిని 10 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కరిగిస్తే సుమారు 1 మిల్లీమోలార్ వస్తుంది. సీసాకు వెండిరేకు చుట్టి చీకట్లో ఉంచండి. ప్రతి నమూనాలోనూ రంజకం గాఢత 2 మైక్రోమోలార్ ఉంటే చాలు. కాంతి కొలతలకు వాడే పారదర్శకమైన చిన్న పాత్ర, అంటే 1 సెంటీమీటరు క్యూవెట్‌లో అప్పుడు శోషణ 0.07 దగ్గర ఉంటుంది. శోషణ 0.1 దాటనివ్వకూడదు. దాటితే ముందు పొరలే కాంతిని మింగేసి వెనుక పొరలకు అందనివ్వవు, అప్పుడు గాఢతకూ వెలుగుకూ మధ్య ఉండవలసిన నిష్పత్తి చెడుతుంది.

గ్లిజరాల్ శ్రేణి

క్రమాంకనానికి నీరు, గ్లిజరాల్ మిశ్రమాలు వాడతాము. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాటి స్నిగ్ధతలు బాగా స్థిరపడిన విలువలు: నీటికి 0.80 మిల్లీపాస్కల్ సెకను, బరువులో 50 శాతం గ్లిజరాల్ ఉన్న మిశ్రమానికి 4.21, 60 శాతానికి 7.19, 70 శాతానికి 14.1, 80 శాతానికి 33.9, 90 శాతానికి 109, 95 శాతానికి 237, శుద్ధ గ్లిజరాలుకు 612. ఒక మిల్లీపాస్కల్ సెకను ఒక సెంటీపాయిజ్‌కు సమానం కాబట్టి పాత పుస్తకాల్లోని పట్టికలను కూడా నేరుగా వాడుకోవచ్చు.

ఆ వరుసలో చివరి రెండు సంఖ్యలను జాగ్రత్తగా చూడండి. 5 శాతం నీరు చేరితే 612 కాస్తా 237కు పడిపోతుంది. 1 శాతం చేరినా 500కు దిగుతుంది. గ్లిజరాలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. గోపాల్‌పూర్, బరంపురం వైపు వానాకాలపు గాలికి మూత తెరిచి ఉంచిన సీసాలోని గ్లిజరాల్ శుద్ధ గ్లిజరాలుగా ఎక్కువ కాలం మిగలదు. అందువల్ల కొత్త సీసాను తెరిచిన రోజే చిన్న చిన్న సీసాల్లోకి అంచుదాకా పంచి, బిగువుగా మూతలు పెట్టి, ప్రయోగానికి ఒక్కొక్కటిగా తీయడం మేలు. ఎప్పుడు తెరిచారో తెలియని సీసాను క్రమాంకనానికి నమ్మకండి. తప్పనిసరైతే రేఖలో 95 శాతం, ఆపై ఉన్న బిందువులను వదిలేసి, 50 నుంచి 90 శాతం వరకు ఉన్నవాటితోనే రేఖ గీయండి. పలుచని మిశ్రమాల్లో కొద్దిపాటి తేమ తెచ్చే తేడా అంత పెద్దది కాదు.

మిశ్రమాలను ఘనపరిమాణంతో కాక బరువుతో తయారుచేయాలి. గ్లిజరాల్ పిప్పెట్టు గోడలకు అంటుకుపోయి కొంత లోపలే మిగిలిపోతుంది. త్రాసు మీద బీకరు పెట్టి పోస్తే ఆ చిక్కు ఉండదు. ముందు రంజకం లేని మిశ్రమాలు సిద్ధం చేసుకొని, తరువాత ప్రతిదానినుంచి 10 మిల్లీలీటర్లకు సమానమైన బరువును, అంటే 50 శాతానికి సుమారు 11.2 గ్రాములు, 80 శాతానికి 12 గ్రాములు, శుద్ధ గ్లిజరాలుకు 12.5 గ్రాములు, మూత ఉన్న సీసాలోకి తూచి, అందులో 20 మైక్రోలీటర్ల నిల్వ ద్రావణం కలపండి. ప్రతి మిశ్రమంలోనూ రంజకం లేని భాగాన్ని కొంత పక్కన పెట్టుకోండి, దాని అవసరం వెంటనే వస్తుంది.

కలిపేటప్పుడు జోరుగా కుదిపితే బుడగలు చిక్కుకుంటాయి. శుద్ధ గ్లిజరాలులో అవి గంటలతరబడి కదలవు, కాంతిని చెదరగొట్టి కొలతను పాడుచేస్తాయి. సీసాను పక్కకు పడుకోబెట్టి నెమ్మదిగా దొర్లిస్తూ కలిపి, మూత బిగించి రాత్రంతా వదిలేస్తే బుడగలు పోతాయి, రంజకం కూడా సమంగా పరుచుకుంటుంది. మరునాడు క్యూవెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. లోపల సన్నని నూలుపోగుల్లాంటి గీతలు కదులుతుంటే కలయిక ఇంకా పూర్తికాలేదని అర్థం.

ఉష్ణోగ్రత

శుద్ధ గ్లిజరాల్ స్నిగ్ధత 20 డిగ్రీల వద్ద సుమారు 1410, 30 డిగ్రీల వద్ద 612, 40 డిగ్రీల వద్ద 284. ఒక్కో డిగ్రీకి దాదాపు 8 శాతం తేడా వస్తుందన్నమాట. కోరాపుట్ పీఠభూమిలో డిసెంబరు ఉదయం కొలిచిన సీసాను బరంపురంలో మే మధ్యాహ్నం కొలిస్తే, రంజకంలో ఏ లోపం లేకపోయినా రెండు వేర్వేరు ద్రవాలను కొలిచినట్టే అవుతుంది. గది ఉష్ణోగ్రత అని నోటుపుస్తకంలో రాసి వదిలేయడం ఈ ప్రయోగంలో ఏమాత్రం చెల్లదు.

మన కళాశాలల్లో ఉండే నీటి తొట్లు చాలావరకు వేడిచేయగలవే తప్ప చల్లబరచలేవు. కాబట్టి పని ఉష్ణోగ్రత గది వేడికన్నా కొన్ని డిగ్రీలు పైన ఉండేటట్టు ఎంచుకోవాలి. చలికాలంలో 30 డిగ్రీలు సులువుగా నిలుస్తుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలకు మారి, క్రమాంకన రేఖను ఆ ఉష్ణోగ్రత విలువలతో మళ్లీ కట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ఒక ఉష్ణోగ్రత రేఖతో మరో ఉష్ణోగ్రత వద్ద నమూనాను లెక్కించకండి. తొట్టిలోని థర్మామీటరు చూపేది తొట్టి నీటి ఉష్ణోగ్రతనే. క్యూవెట్ లోపలి చిక్కని ద్రవం ఆ ఉష్ణోగ్రతను అందుకోవడానికి పావుగంటయినా పడుతుంది. మధ్యలో కరెంటు పోయి వస్తే, ఆ పావుగంట ఓపిక మళ్లీ మొదటినుంచి పట్టవలసిందే.

కొలత

ఫ్లోరోసెన్స్ వర్ణపటాన్ని కొలిచే స్పెక్ట్రోఫ్లోరోమీటరు అందుబాటులో ఉంటే 420 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిచి, 440 నుంచి 600 నానోమీటర్ల వరకు ఉద్గార వర్ణపటాన్ని తీయండి. అందరూ పలుచని నమూనాతో మొదలుపెడతారు. నేను మాత్రం అన్నిటికన్నా చిక్కనిదానితోనే మొదలుపెట్టమంటాను. అది అన్నిటికన్నా ఎక్కువగా వెలుగుతుంది కాబట్టి డిటెక్టరు తన కొలత పరిధి దాటిపోకుండా, కాంతిని వదిలే చీలికల వెడల్పును, వోల్టేజీని దానికే సరిచేసి, ఆపై చివరి నమూనా దాకా వాటిని ముట్టుకోకూడదు. మధ్యలో చీలిక మార్చితే ఆ బిందువు రేఖలో చోటు కోల్పోయినట్టే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నీరు కూడా కాంతిని రామన్ పరిక్షేపణ ద్వారా, అంటే దాని తరంగదైర్ఘ్యాన్ని మార్చి, చెదరగొడుతుంది. 420 నానోమీటర్లతో ఉత్తేజపరిస్తే నీటి రామన్ శిఖరం సరిగ్గా 490 నానోమీటర్ల దగ్గరే వచ్చి కూర్చుంటుంది. థయోఫ్లేవిన్-టి ఉద్గార శిఖరం కూడా అక్కడే. రంజకం నీటిలో దాదాపు వెలగదు కనుక, నీటి నమూనాలో కనిపించే చిన్న శిఖరంలో చాలా భాగం నీటిదే అయి ఉండవచ్చు. దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. ఉత్తేజ తరంగదైర్ఘ్యాన్ని 440కి మార్చి చూడండి. రామన్ శిఖరం 517 దగ్గరికి జరుగుతుంది, రంజకం శిఖరం ఉన్నచోటే ఉంటుంది. అందుకే పక్కన పెట్టిన రంజకం లేని మిశ్రమం వర్ణపటాన్ని ప్రతిసారీ తీసి, రంజకం ఉన్న దానిలోంచి తీసివేయాలి. కొన్ని రకాల గ్లిజరాలుకు సొంత ఫ్లోరోసెన్స్ ఉంటుంది, ఈ తీసివేతతో దాని పీడ కూడా వదులుతుంది.

పరికరం లేని కళాశాలల్లో కూడా ఈ ప్రయోగం నేర్చుకోవచ్చు. 405 లేదా 420 నానోమీటర్ల ఎల్ఈడీని క్యూవెట్‌కు ఒక పక్కన పెట్టి, దానికి లంబంగా ఉన్న రెండో పక్కన నీలి కాంతిని ఆపే పసుపు ఫిల్టరు, దాని వెనుక ఫోన్ కెమెరా అమర్చి, మొత్తాన్ని నల్ల అట్టపెట్టెలో మూయండి. ఫోన్‌లో ఐఎస్ఓ, షట్టరు కాలం, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ చేత్తో స్థిరపరచి, రా ఫార్మాట్‌లో తీసిన చిత్రంలోని ఆకుపచ్చ వర్ణపు విలువలను మాత్రమే తీసుకోండి. ఫోన్ తనంతట తాను వెలుగు సర్దితే కొలతకు అర్థం ఉండదు. ఒకే ద్రావణంలో రంజకాన్ని సగానికి తగ్గించినప్పుడు కెమెరా విలువ కూడా సగమవుతోందా అని ముందుగానే పరీక్షించుకోవాలి. 405 నానోమీటర్ల వెలుగును నేరుగా చూడకండి, పసుపు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

రేఖ, ఆ రేఖకు పరీక్ష

ప్రతి మిశ్రమానికీ వర్ణపటం కింది వైశాల్యాన్ని గానీ శిఖరపు ఎత్తును గానీ తీసుకొని, దాని లాగ్ విలువను స్నిగ్ధత లాగ్ విలువకు ఎదురుగా గుర్తించి, బిందువుల గుండా సరళరేఖ గీయండి. నీటి బిందువు రేఖకు దూరంగా పడవచ్చు. స్నిగ్ధత మరీ తక్కువైన చోట ఈ సంబంధం సరిగా నిలవదు. దాన్ని బలవంతంగా రేఖలోకి లాగకండి. ఉదాహరణకు వాలు 0.6 వచ్చిందనుకుందాం. తెలియని నమూనా 50 శాతం మిశ్రమం కన్నా 2.5 రెట్లు వెలిగితే, 2.5ను 0.6 విలోమ ఘాతానికి, అంటే 1.67వ ఘాతానికి ఎత్తితే 4.6 వస్తుంది, దాన్ని 4.21తో గుణిస్తే స్నిగ్ధత 19.4 మిల్లీపాస్కల్ సెకను.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగవద్దని నా మనవి. రంజకం స్పందించింది స్నిగ్ధతకా, లేక గ్లిజరాల్ రసాయన స్వభావానికా అన్న ప్రశ్నకు ఆ రేఖ జవాబు చెప్పదు. ధ్రువత మారినా రోటర్ల వెలుగు మారుతుంది. దీన్ని తేల్చడానికి మన వంటింటి పంచదారలో ఉండే సుక్రోజే చాలు. బరువులో 60 శాతం సుక్రోజు ఉన్న నీటి ద్రావణం స్నిగ్ధత 30 డిగ్రీల వద్ద సుమారు 34. అదే ఉష్ణోగ్రత వద్ద 80 శాతం గ్లిజరాలుది 33.9. ఒకే స్నిగ్ధత, వేర్వేరు పదార్థాలు. రెండింటిలోనూ 2 మైక్రోమోలార్ రంజకం వేసి, రెండింటి ఖాళీ (రంజకం లేని) వర్ణపటాలను తీసివేశాక వెలుగులు దగ్గరగా ఉంటే మీ రేఖను ఇతర నమూనాలకు వాడే ధైర్యం వస్తుంది. దూరంగా ఉంటే, మీ నమూనా స్వభావం దేనికి దగ్గరో చూసి దానితోనే కొత్త శ్రేణి కట్టుకోవాలి. ఈ పరీక్షకు ప్రయోగశాల శ్రేణి సుక్రోజు మేలు, దుకాణపు పంచదారకు కొద్దిగా రంగు ఉంటుంది.

అసలు నమూనాలు

రాయగడ, కోరాపుట్ కొండల తేనెను కొలుద్దామని విద్యార్థులకు తోచడం సహజం. తేనె నీలి కాంతిని గట్టిగా మింగుతుంది, దానికి సొంత ఫ్లోరోసెన్స్ కూడా ఉంది. కాబట్టి థయోఫ్లేవిన్-టి వెలుగు తీవ్రతతో దాన్ని కొలవడం సరికాదు. దాని మొత్తం స్నిగ్ధత కావాలంటే, ద్రవంలోంచి బంతి జారే కాలాన్ని కొలిచే పద్ధతే నమ్మదగినది.

అంతకన్నా ఎక్కువ నేర్పే నమూనా 1 శాతం అగరోజ్ జెల్. చేతికి అది గట్టి ముద్ద, విస్కోమీటరులో పోయడం కుదరదు. అయినా దాని రంధ్రాలు వంద నానోమీటర్లకు పైబడినవి, రంజకం అణువు ఒకటి రెండు నానోమీటర్లకు మించదు. రంధ్రంలోని నీటిలో అది స్వేచ్ఛగా మెలితిరుగుతుంది కనుక వెలుగు నీటికి దగ్గరగానే ఉండాలి. స్థూల స్నిగ్ధత, సూక్ష్మ స్నిగ్ధత ఒకటి కావని కళ్లారా చూడటానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు. ఒకవేళ జెల్‌లో వెలుగు బాగా పెరిగితే, అక్కడి నీరు చిక్కబడిందని తొందరపడకండి, రంజకం పాలిమరుకు అంటుకుందేమో ముందు అనుమానించండి. జెల్ ఖాళీ నమూనా కాంతిని చెదరగొడుతుంది కాబట్టి దాని తీసివేత మరింత ముఖ్యం.

జీవకణాల్లోకి

కణంలో వెలుగు తీవ్రతను నమ్మలేము. ఒక చోట ఎక్కువ వెలుగు కనిపిస్తే, అక్కడ స్నిగ్ధత ఎక్కువో రంజకమే ఎక్కువగా చేరిందో తెలియదు. ఫ్లోరోసెన్స్ జీవితకాలం ఈ చిక్కును విప్పుతుంది. ఉత్తేజిత అణువు సగటున ఎన్ని నానోసెకన్లు నిలుస్తుందన్నది, రంజకం తక్కువగా ఉన్నంతవరకు, గాఢత మీద ఆధారపడదు, మెలికకు ఎంత అడ్డంకి ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. బోడిపీ-సీ12 జీవితకాలం పలుచని ద్రవాల్లో నానోసెకనులో చిన్న భాగంగా ఉండి, చిక్కని గ్లిజరాలులో 4 నానోసెకన్లు దాటుతుంది. 2008లో లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన మరీనా కూయిమోవా బృందం ఈ తరహా రంజకంతో అండాశయ క్యాన్సర్ కణాలను జీవితకాల చిత్రణ పద్ధతిలో పరిశీలించి, రంజకం చేరిన చోట్ల స్నిగ్ధత సుమారు 140 సెంటీపాయిజ్ అని చూపింది. నీటికన్నా అది వంద రెట్లకు పైమాట.

ఫ్లిమ్ అనే ఈ సూక్ష్మదర్శిని పెద్ద పరిశోధన సంస్థల్లోనే ఉంటుంది. అక్కడ సమయం అడిగే ముందు మీ దగ్గర సిద్ధంగా ఉండవలసినవి: మిథనాల్, గ్లిజరాల్ మిశ్రమాల్లో బోడిపీ క్రమాంకన శ్రేణి, ఎందుకంటే ఈ రంజకం నీటిలో కరగక ముద్దకడుతుంది, రంజకం లేని కణాల నమూనా, కణాలను కొలిచే ఉష్ణోగ్రత, సాధారణంగా 37 డిగ్రీలు, ఆ ఉష్ణోగ్రతకే చెందిన స్నిగ్ధత విలువలు. రంజకం ఎక్కువైతే అణువులు జతకట్టి జీవితకాలాన్ని మార్చేస్తాయి కనుక కణాలకు ఒకటి రెండు మైక్రోమోలార్‌తో మొదలుపెట్టండి. బోడిపీ-సీ10, సీ12లకు పొడవైన కొవ్వు తోక ఉండటంతో అవి కణత్వచాల్లోకి, కొవ్వు బిందువుల్లోకి చేరతాయి. అందువల్ల వచ్చిన సంఖ్యను కణం మొత్తానికి అంటగట్టకుండా, రంజకం కూర్చున్న చోటికే చెందినదిగా రాయాలి.

ఫలితాన్ని రాసేటప్పుడు స్నిగ్ధత విలువ పక్కనే రంజకం పేరు, గాఢత, ఉత్తేజ ఉద్గార తరంగదైర్ఘ్యాలు, ఉష్ణోగ్రత, క్రమాంకన ద్రావణాలు, రేఖ వాలు, రేఖ ఏ స్నిగ్ధత నుంచి ఏ స్నిగ్ధత వరకు పరీక్షించబడిందో నమోదు చేయండి. నమూనా విలువ ఆ పరిధి దాటి ఉంటే దాన్ని సంఖ్యగా కాక, పరిధికి పైన లేదా కింద అని మాత్రమే రాయండి.